డుకాటి పాంటా: ఇటలీ మధ్యశ్రేణి స్పోర్ట్స్ మోటారుసైకిలు, దాని ఇంజను

డుకాటి పాంటా ఇటలీలోని బొలోన్యా నగర శివార్లలో, బోర్గో పనిగాలెలో ఉన్న డుకాటి కర్మాగారం తయారుచేసిన మధ్యశ్రేణి స్పోర్ట్స్ మోటారుసైకిలు. 1977 చివర్లో మిలాన్ ప్రదర్శనలో నమూనా బండిని జనానికి చూపించారు. 1979లో 500 ఎస్ఎల్ పేరుతో తయారీ మొదలైంది. తర్వాత 600, 650 సీసీ రూపాలు వచ్చాయి. అప్పట్లో ఇటలీలో 350 సీసీ దాటిన బండ్లకు పన్ను ఎక్కువగా ఉండేది కాబట్టి ఆ హద్దులో ఇమిడే చిన్న పాంటా కూడా వచ్చింది. మొదటి బండి కొలతలు చెప్పుకోవాలంటే: 74 మి.మీ. బోరు, 58 మి.మీ. స్ట్రోకు, 499 సీసీ, గాలితో చల్లబడే రెండు సిలిండర్లు, రెండు డెల్లోర్తో కార్బురేటర్లు, అయిదు గేర్లు, సుమారు 50 హార్స్‌పవర్, 180 కిలోల చుట్టుపక్కల బరువు. ఆ రోజులకు కూడా ఇవి కళ్లు చెదిరే అంకెలేమీ కావు. అందుకే కాబోలు, డుకాటి చరిత్ర చెప్పేవాళ్లు 1970ల నాటి 900 సూపర్ స్పోర్ట్ దగ్గర నుంచి 1994లో వచ్చిన 916 దగ్గరికి ఒక్క గెంతు వేస్తారు, నడుమ పాంటాకు ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతారు. నా అంచనా ఇందుకు భిన్నం. ఆ సంస్థ బతికి బట్టకట్టడానికి కారణమైన ఇంజనీరింగ్ నిర్ణయాలు దాదాపు అన్నీ పాంటాలోనే తొలిసారి ఒకచోట కలిశాయి. వాటిలో ఎక్కువ భాగం వేగం కోసం తీసుకున్నవి కావు. ఇంజను కూర్పులో చేతిపనిని ఎక్కడ వదులుకోవచ్చో, ఎక్కడ వదులుకోకూడదో తేల్చుకున్న ఫలితాలవి.

పాంటా ఏ సమస్యకు జవాబో తెలియాలంటే దానికి ముందున్న ఇంజనును చూడాలి. 1954లో డుకాటిలో చేరిన ఫాబియో తాల్యోని అప్పటికి రెండు దశాబ్దాలకు పైగా ఆ సంస్థ ఇంజన్లకు ప్రధాన రూపకర్త. 1971లో ఆయన తెచ్చిన 750 సీసీ రెండు సిలిండర్ల ఇంజనులో ఒక్కో సిలిండరు తలమీది క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పడానికి ఒక్కో పొడవాటి ఇరుసు, దాని రెండు కొసలకూ బెవెల్ గేర్లు ఉండేవి. ఆ ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది, ఏళ్ల తరబడి మన్నుతుంది. 1972లో ఇమోలా 200 మైళ్ల పందెంలో పాల్ స్మార్ట్ ఈ ఇంజను బండి మీదే గెలిచాడు. బ్రూనో స్పజ్జారి ఇలాంటి బండి మీదే రెండో స్థానంలో వచ్చాడు. పెద్ద బండ్ల తయారీదారుగా డుకాటికి దేశదేశాల్లో పేరు వచ్చింది అక్కడి నుంచే. కానీ ఆ ఇంజనును కూర్చడం మహా శ్రమ. బెవెల్ గేర్ల పళ్ల నడుమ సందు ఎక్కువైతే మోత, తక్కువైతే అరుగుదల. ఆ సందు సరిపోవాలంటే పలచని ఉక్కు బిళ్లలను, అంటే షిమ్‌లను, ఒక్కొక్కటిగా పెట్టి, బిగించి, కొలిచి, విప్పి, మళ్లీ పెట్టాలి. సిలిండరుకు రెండు జతల గేర్లు, వాటికి కింద క్రాంక్‌షాఫ్ట్ దగ్గర ఇంకొన్ని. ఒక్కో ఇంజను దగ్గర చెయ్యి తిరిగిన పనివాడు గంటల కొద్దీ కూర్చోవలసిందే. 1970లలో ఇటలీలో ధరలూ వేతనాలూ వేగంగా పెరిగాయి. అంత చేతిపని మోసే ఇంజనుతో మధ్యశ్రేణి బండిని మధ్యశ్రేణి ధరకు అమ్మడం కుదిరే పని కాదు.

ఆనాడు డుకాటి ప్రభుత్వ యాజమాన్యంలో ఉంది. ఖర్చు తగ్గించాలన్న సంగతి పైవాళ్లకూ తెలుసు. వాళ్లు ఎంచుకున్న దారి మాత్రం వేరు. రెండు సిలిండర్లను పక్కపక్కన నిలబెట్టిన 350, 500 సీసీ బండ్లను 1975లో మార్కెట్లోకి తెచ్చారు. ఆ ఇంజను తాల్యోని పని కాదు, ఆ అమరిక ఆయనకు ఇష్టమూ లేదు. అలాంటి ఇంజన్లు బ్రిటన్‌లో పాతబడిపోయాయి, జపాన్‌లో అంతకంటే బాగా, చవకగా తయారవుతున్నాయి. కొనేవాడికి డుకాటి దగ్గరికే రావలసిన కారణం ఒక్కటీ మిగల్లేదు. 1977లో తాల్యోని స్ప్రింగుకు బదులు క్యామే మూసే డెస్మో వాల్వుల తలలు అమర్చి, రూపకర్త తార్తారీని గీసిన ఒంపులతో స్పోర్ట్ డెస్మోగా అలంకరించినా ఆ బండి నిలదొక్కుకోలేదు. ఈ వైఫల్యం పాంటా కథలో చిన్న విషయం కాదు. ఖర్చు తగ్గించడమే లక్ష్యమైతే, ఆ సంస్థకు గుర్తింపు తెచ్చిన లక్షణాలన్నీ తీసిపారేసి కూడా తగ్గించవచ్చు. పక్కపక్క సిలిండర్ల బండి చేసింది అదే. దానికి ఫలితం ఏమిటో మార్కెట్ రెండు మూడేళ్లలోనే తేల్చింది. తాల్యోని ఎదురుగా నిలిచిన ప్రశ్న మరింత కఠినమైనది. సిలిండర్ల మధ్య 90 డిగ్రీల అమరికా, డెస్మో వాల్వులూ అలాగే ఉండాలి, ఇంజను మాత్రం తక్కువ గంటల్లో తయారు కావాలి. అదెలా?

జవాబులో మొదటి భాగం పళ్లున్న రబ్బరు బెల్టు. పాంటాలో క్రాంక్‌షాఫ్ట్ నుంచి గేర్ల ద్వారా సగం వేగంతో తిరిగే ఒక అడ్డ ఇరుసు రెండు సిలిండర్ల నడుమ ఉంటుంది. దాని కొసన రెండు పళ్ల చక్రాలు పక్కపక్కన కూర్చుంటాయి. ఒక్కో దాని నుంచి ఒక్కో బెల్టు, ఒకటి పైకి నిలిచిన సిలిండరు క్యామ్‌షాఫ్ట్‌కు, రెండోది ముందుకు పడుకున్న సిలిండరు క్యామ్‌షాఫ్ట్‌కు వెళ్తుంది. పిండిమరలో మోటారు నుంచి మరకు వెళ్లే నున్నటి బెల్టు రాపిడి మీదే నడుస్తుంది, బరువు పడితే కాస్త జారుతుంది, జారినా పిండి ఆగదు. ఇంజనులో పిస్టన్ ఎక్కడుందో వాల్వుకు తెలియాలి కాబట్టి జారడానికి వీల్లేదు. అందుకే ఈ బెల్టుకు పళ్లు, అది సాగకుండా లోపల గాజునార పోగులు. దీన్ని అమర్చడం చాలా తేలిక. చక్రాల మీది గుర్తులను ఇంజను మీది గుర్తులకు కలిపి, బెల్టు తొడిగి, బిగువు చూసుకుంటే పని పూర్తయింది. షిమ్‌ల లెక్క లేదు, గేరు పళ్ల సందు లేదు, నూనె కారే గొట్టాలూ లేవు. ఈ ఆలోచన తాల్యోనికి ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. ఫియట్ కార్ల కోసం అవురేలియో లాంప్రేది రూపొందించిన జంట క్యామ్‌షాఫ్ట్ ఇంజను 1966 నుంచే బెల్టుతో నడుస్తోంది. డుకాటి ఉన్న బొలోన్యాలోనే మోటో మోరీనీ సంస్థ 1973లో తెచ్చిన 344 సీసీ మూడున్నర బండిలోనూ క్యామ్‌షాఫ్ట్‌కు పళ్ల బెల్టే వాడారు. హోండా గోల్డ్ వింగ్‌లోనూ ఉంది. తాల్యోని ప్రత్యేకత దాన్ని డెస్మో ఇంజనుకు, అదీ తొమ్మిది వేల ఆర్‌పీఎం దరిదాపులకు తిరిగే స్పోర్ట్స్ ఇంజనుకు తెగించి వాడటం.

బెల్టు ఒక్కటే అయితే పాంటా ఒక తెలివైన పొదుపుగా మిగిలిపోయేది. లోపల ఇంకా పెద్ద మార్పులు జరిగాయి, అవి బయటికి కనపడవు కాబట్టి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. పాత బెవెల్ ఇంజనులో క్రాంక్‌షాఫ్ట్ ముక్కలు ముక్కలుగా చేసి, ఒత్తిడితో ఒకదానిలో ఒకటి దిగ్గొట్టి కూర్చింది. కనెక్టింగ్ రాడ్ల పెద్ద కన్నాల దగ్గర రోలర్ బేరింగులు ఉండేవి. అవి అరిగితే క్రాంక్‌షాఫ్ట్ మొత్తాన్ని విడదీసి మళ్లీ వంకర లేకుండా కూర్చాలి. అది ఊళ్లో ఎవరో ఒకరిద్దరికే చేతనైన విద్య. పాంటాలో క్రాంక్‌షాఫ్ట్‌ను పోతపోయకుండా, కొట్టి సాగదీసిన ఉక్కుతో ఒకే ముక్కగా చేశారు. రాడ్లను రెండు ముక్కలు చేసి బోల్టులతో బిగించారు, మధ్యలో కారు ఇంజన్లలోలాగా సాదా బేరింగు పెంకులు పెట్టారు. అరిగితే పెంకులు మార్చుకోవచ్చు. సాదా బేరింగుకు శుభ్రమైన నూనె, తగ్గని ఒత్తిడితో అందాలి. అందుకని నూనె వడపోతను కూడా పాతదానికంటే మెరుగుపరిచారు. సిలిండర్లలో ఇనుప గొట్టం తొడగకుండా, అల్యూమినియం గోడకే గట్టి నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత వేశారు. దానివల్ల బరువు తగ్గింది, వేడి త్వరగా బయటికి పోయింది, పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు తక్కువగా ఉంచగలిగారు. వాల్వుల నడుమ కోణాన్ని 80 డిగ్రీల నుంచి 60కి తగ్గించారు. దహన గది చదునుగా, చిన్నగా మారింది. ఇంజను మొత్తం పొట్టిగా, తేలికగా కుదురుకుంది.

ఇన్ని మార్పుల మధ్య తాల్యోని ముట్టుకోని భాగం డెస్మో వాల్వులు. మామూలు ఇంజనులో క్యామ్ వాల్వును తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. వేగం పెరిగేకొద్దీ స్ప్రింగు క్యామ్‌ను అందుకోలేక వాల్వు గాల్లో తేలే స్థితి వస్తుంది. అప్పుడు అది పిస్టన్‌కు తగిలినా తగలవచ్చు. డెస్మో పద్ధతిలో మూసే పని కూడా క్యామ్‌దే. 1956లో స్వీడన్ గ్రాండ్ ప్రీలో జియాన్ని దెల్యీ అంతోని గెలిచిన 125 సీసీ బండిలో తాల్యోని దీన్ని మొదటిసారి పందానికి దించాడు. రోడ్డు బండ్లలో ఇది 1968 నుంచి ఉంది. పాంటా సిలిండరు తలను విప్పి చూస్తే ఈ పద్ధతి అసలు స్వరూపం తెలుస్తుంది. ఒక్క క్యామ్‌షాఫ్ట్ మీద నాలుగు మొట్టెలు, నాలుగు రాకర్లు. తెరిచే రాకరు వాల్వు కాడ నెత్తిన ఉన్న టోపీలాంటి షిమ్‌ను కిందికి నొక్కుతుంది. మూసే రాకరు కొస రెండుగా చీలి ఉంటుంది. అది కాడను ఇరువైపులా పొదివి, కాడ చుట్టూ ఉన్న కాలరును పైకి లాగుతుంది. ఆ కాలరు జారిపోకుండా, కాడ మీది సన్నటి గాడిలో కూర్చున్న రెండు అర్ధవృత్తపు తీగ ముక్కలు ఆపుతాయి. బండి స్టార్టయ్యేటప్పుడు వాల్వు పూర్తిగా ఆనుకోవడానికి సాయంగా మూసే రాకరుకు ఒక చిన్న స్ప్రింగు ఉంటుంది, అంతే. తెరిచే రాకరు దగ్గరి సందునూ, మూసే రాకరు దగ్గరి సందునూ మిల్లీమీటరులో వందో వంతుల్లో సరిచూడాలి. అంటే ఇక్కడ షిమ్‌లు పోలేదు, చేతిపనీ పోలేదు. గేర్ల దగ్గర ఆదా చేసిన గంటల్లో కొన్నిటిని తాల్యోని వాల్వుల దగ్గర ఖర్చుపెట్టాడు. అది ఆయన తెలిసి చేసిన ఎంపిక.

90 డిగ్రీల అమరికను ఉంచుకోవడంలో కూడా ఇలాంటి లెక్కే ఉంది. రెండు పిస్టన్లు ఒకే క్రాంక్‌పిన్ను పంచుకుని, ఒకదానికొకటి లంబంగా కదిలితే వాటి ప్రాథమిక జడత్వ బలాలు కలిసి ఒక తిరిగే బలంగా మారతాయి. దాన్ని క్రాంక్‌షాఫ్ట్ మీది ప్రతిబరువుతో రద్దు చేయవచ్చు. కంపనం అణచడానికి వేరే ఇరుసు అక్కర్లేదు. రెండో శ్రేణి బలాలు కొంత మిగులుతాయి గాని, రైడరు చేతులకు తిమ్మిరి పట్టించేంత కాదు. ముందు సిలిండరు దాదాపు నేలకు సమాంతరంగా పడుకుని ఉంటుంది కాబట్టి వెనక సిలిండరుకు వచ్చే గాలిని అది అడ్డుకోదు. బండి బరువూ కిందికి దిగుతుంది. నష్టం కూడా ఉంది. ఇంజను పొడవు పెరుగుతుంది, దాంతో రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం పెరుగుతుంది. పాంటాలో అది 1,450 మి.మీ., 500 సీసీ బండికి ఎక్కువే. ఈ నష్టాన్ని కొంత పూడ్చడానికి వెనక స్వింగార్మ్‌ను ఫ్రేముకు కాకుండా నేరుగా గేరుబాక్సు కేసులో తగిలించారు. ఇంజను పైన తిన్నటి ఉక్కు గొట్టాలను త్రికోణాలుగా అతికించిన జల్లెడ ఫ్రేము ఉంటుంది, ఇంజను దాని కింద బోల్టులతో వేలాడుతుంది. ఫ్రేము బరువు మోసే పనిలో ఇంజను కేసు కూడా పాలుపంచుకుంటుంది. గొట్టాలను వంచే పని తక్కువ, అతుకులు ఎక్కువైనా అన్నీ చేతికి అందే చోట ఉంటాయి. ఇంజనును దించాలంటే వెనక చక్రం కూడా ఊడదీయాల్సి రావడం మెకానిక్‌కు ఇబ్బందే. కానీ తర్వాతి నలభై ఏళ్లలో డుకాటి బండిని దూరం నుంచి గుర్తుపట్టించిన జల్లెడ ఫ్రేముకు రోడ్డు బండ్లలో నాంది ఇక్కడే.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం బెల్టు మీదే. బెవెల్ గేర్లు సరిగ్గా కూర్చితే వాటి జోలికి వెళ్లనక్కర్లేదు, బెల్టును మాత్రం సుమారు 20 వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి, బండి నడవకుండా మూలన ఉన్నా రబ్బరు ముదురుతుంది. తెగితే వాల్వూ పిస్టనూ ఢీకొంటాయి. తయారీదారు ఆదా చేసుకున్న ఖర్చును కొన్నవాడి నెత్తిన పెట్టాడు కదా అంటారు. ఇందులో నిజం ఉంది, కాదనలేం. బెల్టు మార్చడం మరిచిపోయి ఇంజను పోగొట్టుకున్నవాళ్లు డుకాటి యజమానుల్లో తక్కువేం కాదు. అయితే రెండు వైపులా తూచి చూడాలి. డెస్మో వాల్వుల సందులు చూడటానికి ఎలాగూ కొన్ని వేల కిలోమీటర్లకు ఒకసారి తలల మూతలు విప్పాల్సిందే. బెల్టు మార్పు ఆ పని పక్కనే జరిగిపోతుంది. బెల్టు ధర కొద్దిపాటిది, పని సాధారణ మెకానిక్‌కు చేతనైనది. బెవెల్ ఇంజనులో గేర్లు గాని, ఒత్తి కూర్చిన క్రాంక్‌షాఫ్ట్ గాని ఒక్కసారి బాగుచేయించాల్సి వస్తే ఆ ఖర్చుతో జీవితాంతం బెల్టులు కొనుక్కోవచ్చు. తెలిసిన గడువుకు వచ్చే చిన్న ఖర్చునూ, ఎప్పుడొస్తుందో తెలియని పెద్ద ఖర్చునూ పోల్చినప్పుడు మొదటిదాన్ని ఎంచుకోవడం తప్పు నిర్ణయం అనలేను.

రెండో అభ్యంతరం జపాన్ బండ్ల నుంచి వస్తుంది. అదే డబ్బుకు, తరచుగా అంతకంటే తక్కువకు, నాలుగు సిలిండర్ల జపాన్ బండి ఎక్కువ శక్తితో, మెరుగైన స్విచ్‌లతో, మన్నికైన రంగుతో దొరికేది. కవాసాకి జెడ్650 అప్పటికే మార్కెట్లో ఉంది. పాంటా 500 ఎస్ఎల్ గంటకు 200 కి.మీ. దరిదాపులకు చేరడం గొప్పే అయినా, కొనేవాడు దానికి చెల్లించిన ధర కూడా గొప్పదే. ఈ విమర్శ రోడ్డు బండి వరకు చెల్లుతుంది. కానీ మలుపుల్లో బండి నడిచే తీరు ఒక్క హార్స్‌పవర్ లెక్కతో తేలదు, ఆ సంగతి పందెపు మైదానంలో బయటపడింది. తాల్యోని, ఆయన వెంట పందేల విభాగాన్ని నడిపిన ఫ్రాంకో ఫార్నే కలిసి పాంటా ఇంజనును 81 మి.మీ. బోరుకు పెంచి, 597 సీసీతో టీటీ2 అనే పందెపు బండిని చేశారు. వెర్లిక్కి సంస్థ చేసిన అతి తేలికైన జల్లెడ ఫ్రేము, వెనక ఒకే షాకు. శక్తి సుమారు 75 హార్స్‌పవర్. బ్రిటన్‌కు చెందిన టోనీ రట్టర్ 1981లో మ్యాన్ దీవి టీటీలో దీనిమీద గెలిచాడు. ఆ ఏడాది మొదలు 1984 దాకా వరుసగా నాలుగుసార్లు ఫార్ములా 2 ప్రపంచ విజేత అయ్యాడు. ఆ పోటీలో ఏటా జరిగిన పందేలు కొద్దే, నిజమే. కానీ సుమారు 60 కిలోమీటర్ల మ్యాన్ దీవి రోడ్డు చుట్టు, గోడలూ గుంతలూ నిండిన ఆ దారి, సన్నటి, తేలికైన, ఎక్కడ గ్యాసు తెరిచినా లాగే బండికి ఎంత లాభమో చూపించింది. 1983లో బార్సిలోనాలో జరిగిన మోంజుయిక్ 24 గంటల పందేన్ని ఇదే ఇంజను 750 సీసీ రూపం గెలిచింది. ఇరవై నాలుగు గంటలు ఆగకుండా తిరిగిన పంటి బెల్టు, తన మన్నిక గురించి అంతకంటే చెప్పగలిగేది ఏముంటుంది?

మూడో అభ్యంతరం కాస్త సున్నితమైనది. 1978లో మైక్ హెయిల్‌వుడ్ పదకొండేళ్ల విరామం తర్వాత మ్యాన్ దీవికి తిరిగొచ్చి గెలిచింది బెవెల్ గేర్ల 900 డుకాటి మీద. ఆయన పేరుతో చేసిన హెయిల్‌వుడ్ రెప్లికా 1980ల మొదట్లో బాగా అమ్ముడైంది, ఆ కష్టకాలంలో కర్మాగారానికి డబ్బు తెచ్చింది. మరి జనం మనసు చేతిపని ఇంజను వైపే ఉన్నట్టు కదా? ఉంది, ఇప్పటికీ ఉంది. పాత బెవెల్ బండ్లకు సేకరణకారులు పెట్టే ధరలే సాక్ష్యం. కానీ అభిమానం వేరు, గిట్టుబాటు వేరు. బెవెల్ ఇంజను చివరి రూపమైన 973 సీసీ మిల్లే 1984లో వచ్చినప్పుడు దాని క్రాంక్‌షాఫ్ట్ ఒకే ముక్క, బేరింగులు సాదా పెంకులు. అంటే పాత ఇంజను కూడా చివరికి పాంటా దారిలోకే వచ్చింది. అలా మార్చినా గేర్ల ఖర్చు పోలేదు. 1986తో ఆ వంశం ఆగిపోయింది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం నాలుగోది. డుకాటిని కాపాడింది ఏ ఇంజనూ కాదు, కాజీవా యజమానులైన కాస్తీల్యోని సోదరుల డబ్బు, తర్వాత వచ్చిన 916 అందం అంటారు చాలామంది. తేదీల వరుస చూస్తే ఈ మాట నిలవదు. 1983 జూన్‌లో డుకాటికీ కాజీవాకూ కుదిరిన ఒప్పందం బండ్ల గురించి కాదు, ఇంజన్ల గురించి. వారేజెలోని కాజీవాకు పెద్ద ఇంజను లేదు, డుకాటి దగ్గర ఉంది. డుకాటి సొంత బండ్లు మానేసి ఇంజన్లు సరఫరా చేసే సంస్థగా మిగిలిపోతుందన్న మాట కూడా అప్పుడు వినిపించింది. పొరుగు సంస్థ తన బండిలో పెట్టుకోదగ్గ ధరకు, తగినన్ని సంఖ్యలో డుకాటి ఇవ్వగలిగిన ఇంజను పాంటా ఒక్కటే. కాజీవా అలాజ్జుర్రాలోనూ, ఎలిఫాంట్‌లోనూ కూర్చున్నది అదే. రెండేళ్ల తర్వాత, 1985లో, కాస్తీల్యోని సోదరులు కర్మాగారాన్నే కొన్నారు. పాంటా లేకపోతే వాళ్లకు బోర్గో పనిగాలె గడప తొక్కే అవసరమే వచ్చేది కాదు. ఎలిఫాంట్ 900 సీసీ రూపంతో ఎడి ఓరియోలి 1990లోనూ, 1994లోనూ డాకర్ ఎడారి పందెం గెలిచాడు. రోడ్డు స్పోర్ట్స్ బండి కోసం పుట్టిన ఇంజను ఇసుకలో వేల కిలోమీటర్లు నడిచి గెలవడం ఆ నిర్మాణం గట్టిదనానికి రుజువు.

తర్వాతి వంశవృక్షాన్ని కొలతలే చెబుతాయి. 1983 నాటి పాంటా 650 స్ట్రోకు 61.5 మి.మీ. ఆ స్ట్రోకును అలాగే ఉంచి బోరును 88కి పెంచితే 1985 నాటి 750 ఎఫ్1 వచ్చింది, 748 సీసీ. సరిగ్గా పదేళ్లకు, 1995లో, 916కు తమ్ముడిగా వచ్చిన 748 బండి బోరు 88, స్ట్రోకు 61.5. తలలు కొత్తవి, నీటితో చల్లబడతాయి, వాల్వులు నాలుగేసి, కొలత మాత్రం పాతదే. పాంటా 600 కొలతలైన 80, 58 మి.మీ. 1994 నాటి మాన్‌స్టర్ 600లో అక్షరం మారకుండా కనిపిస్తాయి, రెండూ 583 సీసీ ఇంజన్లే. మస్సిమో బోర్ది నాలుగు వాల్వుల డెస్మో తలలను రూపొందించి 851కు పునాది వేసినప్పుడు ప్రయోగాలు మొదలైంది కూడా పాంటా తరహా కేసుల మీదే. తలలు మారాయి, శీతలీకరణ మారింది, పెట్రోలు ఇంజెక్షన్ వచ్చింది, పంటి బెల్టు మాత్రం అలాగే ఉంది. 1990లో రేమండ్ రోష్ నుంచి 2011లో కార్లోస్ చెకా దాకా డుకాటి రైడర్లు 14 సూపర్‌బైక్ ప్రపంచ టైటిళ్లు గెలిచారు. ఆ పద్నాలుగూ బెల్టుతో క్యామ్‌షాఫ్ట్ తిరిగే ఇంజన్ల మీదే. ఖర్చు తగ్గించడానికి తెచ్చిన బెల్టు వేగానికి అడ్డు రాలేదని చెప్పడానికి ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

ఇక డెస్మో సంగతి. స్ప్రింగుల ఉక్కు నాసిగా ఉన్న 1956లో డెస్మో అవసరం, 1979 నాటికి మంచి స్ప్రింగులు వచ్చేశాయి, రోడ్డు బండికి అది పేరు కోసం మోసిన బరువు అని కొందరు ఇంజనీర్ల అభిప్రాయం. ఈ విషయంలో వాళ్ల పక్షాన బలమైన సాక్ష్యం డుకాటియే ఇచ్చింది. 2020లో మల్టీస్ట్రాడా వీ4 ఇంజనులో డెస్మోను వదిలి స్ప్రింగులు పెట్టింది, వాల్వుల తనిఖీ గడువును 60 వేల కిలోమీటర్లకు పెంచింది. 2024 చివర్లో చూపిన 890 సీసీ కొత్త వీ2 ఇంజనులోనూ స్ప్రింగులే. పాంటా కాలానికి మాత్రం నేను డెస్మో పక్షమే. సిలిండరుకు రెండే వాల్వులు ఉన్న ఇంజనులో అవి పెద్దవి, బరువైనవి. వాటిని వేగంగా తెరిచి మూయడానికి గట్టి స్ప్రింగు పెడితే రాపిడి పెరుగుతుంది. డెస్మో ఆ చిక్కు తీర్చింది. పైగా డెస్మో లేని డుకాటిని ఆనాటి కొనుగోలుదారులు పక్కపక్క సిలిండర్ల బండి విషయంలో అప్పటికే తిరస్కరించారు. బెల్టుకూ ఇలాగే కాలం వచ్చింది. 2012 నాటి 1199 పనిగాలెతో సూపర్‌బైక్ ఇంజన్లు గొలుసుకు మారాయి. ఏ ఇంజనీరింగ్ నిర్ణయమూ శాశ్వతం కానక్కర్లేదు, తన కాలంలో సరైనదైతే చాలు. పాంటాలోని నిర్ణయాలు ఆ పరీక్షకు మూడు దశాబ్దాలకు మించి నిలిచాయి.

తాల్యోని 2001లో కన్నుమూశాడు. ఆయన పేరు చెప్పగానే అభిమానులకు బెవెల్ ఇంజనే గుర్తొస్తుంది, కానీ డుకాటికి ఆయన ఇచ్చిన వాటిలో అగ్రస్థానం పాంటాకు దక్కాలి. 2015లో మొదలైన డుకాటి స్క్రాంబ్లర్‌ను మన దేశంలోనూ అమ్ముతున్నారు. అందులోని 803 సీసీ ఇంజను గాలితోనే చల్లబడుతుంది, సిలిండరుకు రెండు డెస్మో వాల్వులే, సిలిండర్ల మధ్య 90 డిగ్రీలే, క్యామ్‌షాఫ్ట్‌లను తిప్పేది పంటి బెల్టులే. 2023లో ఆ బండిని కొత్తగా మలిచినప్పుడు కూడా డుకాటి ఈ అమరికను మార్చలేదు.